ఆఫ్రికా పండగలు, మా అవ్వ ఓటు

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. జమ్మలమడుగు గ్రంథాలయం బోర్డు మీద ఒకసారి నేను కావాలనే తప్పు తేదీ రాశాను. దక్షిణాఫ్రికాలో రంగు తేడా లేకుండా జనమంతా మొదటిసారి ఓటు వేసింది ఏప్రిల్ ఇరవై ఏడున. నేను దాన్ని పదిరోజులు ముందుకు, ఏప్రిల్ పదిహేడుకు జరిపి, ఆ రోజే జరిగినట్టు రాసిపెట్టాను. పుస్తకం తీసి సరిచూసేవాళ్ళు ఎవరూ లేరని నాకు తెలుసు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ ముక్క రాయలేదు. డైరీ దగ్గర దాచిన సంగతి నాకు అదొక్కటే.

ఎందుకు జరిపానో తెలియాలంటే ముందు బోర్డు సంగతి చెప్పాలి.

గ్రంథాలయం వరండాలో ఒక నల్లబోర్డు ఉండేది. పైన తెల్ల పెయింటుతో ‘నేటి విశేషం’ అని రాసి ఉండేది. మంచి ఆలోచనే. కానీ అవి మా వైపు వర్గాల రోజులు. నాలుగు జీపులు వరసగా పోతే అంగళ్ళ తలుపులు వాటంతట అవే సగం మూసుకునే రోజులు. బోర్డు మీద ఒక నాయకుడి జయంతి రాస్తే రెండో పార్టీ వాళ్ళు వచ్చి తుడిచేవాళ్ళు. రాయకపోతే మొదటి పార్టీ వాళ్ళు వచ్చి ‘మా నాయకుడు మీ కంటికి ఆనలేదా’ అని అడిగేవాళ్ళు. చివరికి ఒక వర్ధంతి రోజు బోర్డు రెండు ముక్కలై రోడ్డు మీద పడింది. ఆ తర్వాత రెండు రోజులు పోలీసులు మా వరండాలో కూర్చుని మా పేపర్లన్నీ చదివేశారు.

కొత్త బోర్డు వచ్చాక గ్రంథాలయం సార్ నన్ను పిలిచి చాక్‌పీసు చేతికిచ్చారు. అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. పెన్న అవతల మా ఊరు. రోజూ తొమ్మిది గంటల బస్సుకు వచ్చి, చినిగిన పుస్తకాలకు అట్టలు అంటించి, మిగిలిన పొద్దంతా చదువుకుని, మూడు గంటల బస్సుకు పోయేదాన్ని. జీతం లేదు. మా నాయన నన్ను ఇల్లు దాటనిచ్చే చోటు అదొక్కటే కాబట్టి నాకు జీతం అవసరం కూడా లేదు.

“చూడమ్మా,” అన్నారు సార్, “పేరు రాస్తే కులం అడుగుతారు. కులం తెలిస్తే పార్టీ అడుగుతారు. పార్టీ తెలిస్తే బోర్డు ఇరుగుతాది. అందుకని మనిషి పేరు రాయొద్దు. మన దేశం జోలికి అసలే పోవొద్దు. నీ చేతిరాత గుండ్రంగా ఉంటాది. పైగా నువ్వు మాట్లాడవు. ఈ పనికి అది శానా మంచిది.”

నేను తల ఊపాను. మన దేశం కాకుండా, మనిషి పేరు లేకుండా రోజుకొక విశేషం ఎక్కడినించి తేవాలో అడగాలనుకున్నాను గానీ అడగలేదు.

అది ఒక పెట్టెలో దొరికింది. జమ్మలమడుగులోని పాత మిషన్ ఆసుపత్రిలో ఇంగ్లండు నించి వచ్చిన ఒక నల్లజాతి నర్సమ్మ రెండేళ్ళు పనిచేసి వెళ్ళిపోయింది. పోతూ పోతూ తన పుస్తకాలన్నీ ఆ పెట్టెలో పెట్టి గ్రంథాలయానికి ఇచ్చింది. వాటిలో అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఒకటి, ఏడాదిలో ప్రతి తేదీకి ఒక పేజీ. ఆ తేదీన ఆఫ్రికాలోనో, ఆఫ్రికా నించి పట్టుకుపోయిన వాళ్ళు బతికిన దేశాల్లోనో ఏం జరిగిందో ఉంటుంది. కొన్ని పేజీల్లో ఆమె పెన్సిల్‌తో గీతలు గీసుకుంది. ఒక పేజీ అంచున ‘అమ్మ పుట్టినరోజు’ అని రాసుకుంది. ఆ పేజీలో ఆ తేదీన జరిగిన యుద్ధం కంటే ఆ రెండు మాటలే నాకు గుర్తున్నాయి.

నేను మొదట రాసింది జూన్ పంతొమ్మిది. ‘అమెరికాలోని టెక్సాస్‌లో బానిసలకు విడుదల కబురు అందిన రోజు, 1865. విడుదల ప్రకటన అంతకు రెండున్నరేళ్ళ ముందే వెలువడింది.’ రాసి లోపలికి పారిపోయి, బీరువా పక్కన నిలబడి విన్నాను. రోజూ పేపరుకు వచ్చే పెద్దమనుషులు ఇద్దరు చదివారు.

“రెండున్నరేండ్లు పట్టిందంటప్పా, కబురుకు!”

“రెండున్నరేండ్లే గదబ్బా. మా ఊరికి బస్సు శాంక్షనయిందని చెప్పి ఆరేండ్లాయ. కబురొచ్చింది, బస్సు రాలే. వాళ్ళే నయం.”

ఎవరూ తుడవలేదు. ఎవరూ అరవలేదు. ఆ రోజు బస్సులో ఇంటికి పోతూ నాలో నేను నవ్వుకుంటుంటే కండక్టరు అనుమానంగా చూశాడు.

ఇంటికి పోగానే బోర్డు మీద రాసింది మా అవ్వకు చెప్పడం అలవాటయింది. మాది గొర్రెల ఇల్లు. నాయన మంద వెంట పోతే అవ్వ పంచలో కాళ్ళు చాపుకుని కదురుతో ఉన్ని వడికేది. నేను గలగలా మాట్లాడే మనిషి లోకంలో ఆమె ఒక్కతే. ఆమెకు చదువు రాదు. “ఈ పొద్దు ఏముండాదే ఆఫ్రికాలో?” అని అడిగేది, పక్క వీధి సంగతి అడిగినట్టు.

ఆగస్టు ఒకటిన ఇంగ్లీషోళ్ళు ఏలిన కరీబియన్ ద్వీపాల్లో బానిసత్వం ఆపే చట్టం అమలుకొచ్చిందని, అయినా పూర్తి విడుదల ఇవ్వకుండా ఇంకో నాలుగేళ్ళు పాత యజమానుల కిందే పని చేయించుకున్నారని చెప్పాను. అవ్వ కదురు తిప్పుతూనే, “అంతేలే, గొర్రెను అమ్మినాక గూడ బొచ్చు మాత్రం నాదే అంటారు కొందరు,” అంది. జనవరి ఒకటిన హైతీ. బానిసలే తిరగబడి, యజమానులను తరిమి, 1804లో సొంత దేశం చేసుకున్నారని చెప్తే, ఆమె కదురు ఆపి రెండు చేతులూ ఎత్తి, ఎటు దిక్కో తెలియక పడమరకు దండం పెట్టింది. పొరపాటున సరైన దిక్కుకే పెట్టింది.

మార్చి ఆరున జరిగింది మాత్రం జమ్మలమడుగులో ఇప్పటికీ కొందరికి గుర్తుండే ఉంటుంది.

‘ఘనా దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు, 1957’ అని రాశాను. పొద్దున పదింటికి ఒక పార్టీ మనిషి పేపరుకు వచ్చాడు. ఆయన జీపులో ముందు రోజు పెళ్ళికి కొన్న బంతిపూల దండ ఒకటి మిగిలిపోయి ఉంది. వాడిపోతుందని తెచ్చి బోర్డుకు వేసి పోయాడు. అంతే. పదకొండుకల్లా రెండో పార్టీ వాళ్ళు నలుగురు వచ్చారు.

“వాళ్ళు దండేసినారంట?”

“ఏసినారు,” అన్నారు సార్, లేచి నిలబడి.

“దేనికి?”

“ఘనాకు.”

“ఘనా వాళ్ళదెట్లయితాది సార్? మాది గాదా?”

“అందరిదీ అప్పా. స్వాతంత్ర్యం గదా,” అన్నారు సార్.

వాళ్ళు బయటికి పోయి మాట్లాడుకున్నారు. నేను బీరువా వెనకే నిలబడ్డాను. మధ్యాహ్నానికి రెండు తప్పెట్లు, ప్రొద్దుటూరు నించి తెప్పించిన మూడు డబ్బాల లడ్లు వచ్చాయి. మొదటి దండ కంటే రెండింతల పొడవు దండ వచ్చింది. ఇది విని మొదటి పార్టీ వాళ్ళు టపాకాయలు తెచ్చారు. రెండు పార్టీల వాళ్ళూ ఒకే వరండాలో నిలబడి, దారిన పోయే వాళ్ళను ఆపి మరీ, “తిను మామా, ఘనా లడ్డు!” అని పెట్టారు. ఘనా ఏ వర్గమో చివరిదాకా ఎవరికీ తేలలేదు. తేలలేదు కాబట్టి కొట్లాట రాలేదు. పోలీసు జీపు ఒకటి వచ్చి ఆగి, ఇద్దరు కానిస్టేబుళ్ళు తలా రెండు లడ్లు తిని పోయారు.

“ఘనా వాళ్ళకు తెలిస్తే మన ఊర్లో ఒక ఆఫీసు తెరుస్తారమ్మా,” అన్నారు సార్, మీసాలకు అంటిన లడ్డు పొడి తుడుచుకుంటూ. ఆయన అంతగా నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

ఆ నెలలోనే ఎన్నికల ప్రకటన వచ్చింది. ఓటర్ల జాబితాలో మొదటిసారి నా పేరు పడింది. ఆ కాగితం చూపించడానికి మా ఇంటికి వచ్చినాయన నాకు వరసకు మామ అవుతాడు. మా ఊరి నాయకుడికి పోలింగు ఏజెంటు. మా ఊరు ఒకే వర్గం ఊరు. ఓట్లన్నీ ఆ నాయకుడి మనుషులే వేసేవాళ్ళు. కాగితం మీద ముద్ర గుద్దే రోజుల్లో వాళ్ళే గుద్దారు. ఇప్పుడు మీట నొక్కే ఓటు మిషన్ వచ్చింది, నొక్కేది కూడా వాళ్ళే. పోలింగు రోజు జనం పొలాలకు పోయేవాళ్ళు.

“నీ పేరు గూడ వచ్చిందే పాపా,” అన్నాడు మామ సంతోషంగా. “ఏం బయం లేదు. నీది గూడ మేమే చూసుకుంటాంలే.”

నేను తల ఊపాను. ఆ రోజు డైరీలో రెండు పేజీలు రాశాను. రాయడమైతే రాశాను గానీ మా నాయనతో, మామతో, ఆఖరికి అవ్వతో కూడా నా ఓటు నేను వేస్తానని అనలేకపోయాను. మనసులో మాట చెప్పడం నాకు తెలియదు. బోర్డు మీద ఉన్నది చదివి చెప్పడం ఒక్కటే తెలుసు. ఏప్రిల్ ఇరవై ఏడు పేజీ తీసి చూశాను. పోలింగు దానికంటే ముందే అయిపోతుంది. బోర్డు మీద అది ముందే ఉంటే, దాన్ని సాకు చేసుకుని ఇంట్లో నా మాట ఎత్తొచ్చని తేదీ జరిపాను.

‘దక్షిణాఫ్రికాలో అందరూ మొదటిసారి ఓటు వేసిన రోజు, 1994. ముసలివాళ్ళు కూడా ఎండలో గంటల కొద్దీ వరసలో నిలబడ్డారు.’

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను.

“అయ్యో పాపం,” అంది అవ్వ. “ఏసిపెట్టేదానికి వాళ్ళకు ఎవురూ లేరా?”

“లేక కాదవ్వా. వాళ్ళ చేత్తోనే వేయాలని నిలబడినారు. వందల ఏండ్లు వాళ్ళని వేయనియ్యలేదంట.”

కదురు ఆగింది. “ఏసినంక ఏడ్చినారా, నవ్వినారా?”

“రెండూ అని రాసినారు.”

అవ్వ ఉన్ని పక్కన పెట్టింది. “నాకు డెబ్బై దాటినాయి గదనే. ఆ మిషన్ ఎట్లుంటాదో గూడ నేను చూడలే,” అంది.

నేను నా కోసం వేసిన గాలానికి మా అవ్వ తగులుకుంది. ఆ రోజు నించి ఆమెకు ఇంకో ధ్యాస లేదు. నాయన గొర్రెలను దొడ్లోకి తోలి వచ్చి కూర్చోగానే ఆమె ఆ మాటే ఎత్తింది. నాయన ముఖం నల్లబడింది.

“మన మంద మేసేది ఎవురి బీళ్ళలోనమ్మా? ఆయన రేపొద్దన గొర్లు తోలాకండి అంటే యాడికి పోవాల? పెన్నలో తోలాల్నా?”

“నేను ఆయనకు ఎదురేస్తానంటినా? ఆయనకే ఏస్తానేమో. నా ఏలుతో ఏస్తానంటాండా, అంతే.”

“అదే ఎదురు మా,” అన్నాడు నాయన. ఆ మాట నిజమే. అది మా ముగ్గురికీ తెలుసు.

పోలింగు రోజు తెల్లారగానే నాయన మంద తోలుకుని పోయాడు. పోతూ అవ్వ వైపు చూడలేదు. పోవద్దని కూడా అనలేదు. అవ్వ ప్రొద్దుటూరులో కొన్న కొత్త చీర కట్టుకుంది. ఆ చీరను ఒక పెళ్ళి కోసం దాచింది. నేను ఆమె వెనకే నడిచాను. మా కాళ్ళ చప్పుడు తప్ప వీధిలో ఏమీ లేదు.

పోలింగు జరిగే బడి గేటు దగ్గర మామ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. అవ్వను చూసి లేచాడు.

“ఏందత్తా, యాడికి?”

“ఓటుకు.”

“నీకేమిటికత్తా ఆ శ్రమ? ఎండ. ఇంటికి పో, మేం చూసుకుంటాం.”

“శానా ఏండ్లు చూసుకున్యారు నాయనా, మీకూ శ్రమే గదా. ఈ పొద్దు నేను చూసుకుంటా.”

మామ నవ్వాలో కోప్పడాలో తెలియక నా వైపు తిరిగాడు. “ఏం పాపా, నువ్వన్నా చెప్పు.” నేను చెప్పలేదు. వెళ్ళి అవ్వ వెనక నిలబడ్డాను. నా జన్మలో నేను ఇచ్చిన పెద్ద జవాబు అదే.

మామ లోపలికి అడ్డంగా నిలబడ్డాడు. అవ్వ కదల్లేదు. “వాళ్ళు గంటలు గంటలు నిలబడినారంట. నేను నిలబడలేనా?” అంది.

“ఎవురత్తా వాళ్ళు?”

“దక్షిణాఫ్రికా వాళ్ళు.”

“వాళ్ళకూ నీకూ ఏం బందుత్వం?”

“నీకు తెల్దులే.”

కాసేపటికి పాలకు పోయే ఒకామె ఏం జరుగుతోందో చూడటానికి ఆగి, నా వెనక నిలబడింది. ఆమెను వెతుక్కుంటూ తోడికోడలు వచ్చింది. ‘ఏమిస్తాండారు?’ అని అడుగుతూ ఇంకో ఇద్దరు చేరారు. ఏమీ ఇవ్వడం లేదని తెలిసినా పోలేదు. మా ఊరి ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు నిలబడటం రేషన్ అంగడి దగ్గర తప్ప నేను చూడలేదు. పది గంటలకు ఇరవై మంది దాటారు. అవ్వ వెనక్కి తిరిగి, “నెట్టుకోవద్దమ్మే, ఆడ ఎవురూ నెట్టుకోలేదంట,” అని చెప్తూ ఉంది. ఈ ముక్క మాత్రం ఆమె సొంతంగా కల్పించింది.

మామ మనిషిని పంపినట్టున్నాడు. జీపు వచ్చి ఆగింది. మా ఊరి నాయకుడు దిగాడు, వెనక ఆరుగురు. నేను అవ్వ చీర కొంగు పట్టుకున్నాను.

“ఏంది పెద్దమ్మా ఇది?” అన్నాడాయన, మెల్లగానే. ఆయన మెల్లగా మాట్లాడితేనే మా ఊర్లో భయం.

అవ్వ నోరు తెరిచేలోపల, అంతా వరస చివరికి చూశారు. ఆయన సొంత తల్లి, అవ్వ ఈడుదే, చేతికర్ర ఊతగా వచ్చి చివర నిలబడింది. పనిమనిషి ఆమెకు గొడుగు పట్టి ఉంది.

“అమ్మా! నువ్వేమిటికొచ్చినావు?” ఆయన గొంతు మారిపోయింది. “నీ ఓటు నేనేస్తా గదా!”

“నువ్వు పుట్టకముందు మీ నాయన ఏసె. ఇప్పుడు నువ్వేస్తాండావు,” అంది ఆమె. “నేను సచ్చేలోపల ఒక్కసారి నన్ను నొక్కనీరా. నేనేమన్నా నీకు గాకుండా ఏస్తానా?” తర్వాత ముందున్న ఆడమనిషి వీపు తట్టి, “ఏమే, ఇది ఎంతసేపు పడతాది?” అని అడిగింది.

ఎవరు మొదట నవ్వారో తెలియదు. ఆయన మనుషుల్లోనే ఒకడు అనుకుంటాను. తర్వాత వరసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. “గేటు తీయప్పా,” అన్నాడు మామతో. జీపు ఎక్కకుండా నడిచి వెళ్ళిపోయాడు. రోషం కొద్దీ మామ గేటు తోసి ఎటో పోయాడు. మేం గేటు దాటేలోపలే ఎక్కడినించో ఒక బిందె నీళ్ళు, ఒక చెంబు తెచ్చి చివర ఉన్న నాయకుడి తల్లి దగ్గర కాకుండా, మా అవ్వ ముందర దబ్బున పెట్టాడు.

లోపల కూర్చున్న ఆఫీసరు పులివెందుల వైపు బడిపంతులు. అవ్వ వేలికి సిరా రాస్తూ, “ఇట్లాంటి ఊర్లకు డ్యూటీ పడితే మధ్యాహ్నం నిద్రపోయేవాణ్ణమ్మా. ఈ పొద్దు మీరు పడుకోనియ్యలేదు,” అన్నాడు. మిషన్‌కు అడ్డంగా పెట్టిన అట్ట వెనక అవ్వ ఎంతసేపు నిలబడిందో! బయటినించి ఆమె కొత్త చీర అంచు మాత్రం కనిపిస్తోంది. అప్పుడు మిషన్ పీమని మోగింది.

“అది కూసిందే!” అని అరుస్తూ బయటికి వచ్చింది. “గొర్రెపిల్ల మాదిరి కూసింది!” నవ్వుతోంది, కళ్ళ నించి నీళ్ళు కారుతున్నాయి. నా ఓటు నేను వేశాను. నాకు గుర్తున్నది నా వేలు కాదు, ఆమె అరుపే.

వరస చివర నాయకుడి తల్లి వంతు వచ్చేదాకా అవ్వ బడి అరుగు మీద కూర్చుని కాచుకుంది. ఇద్దరూ బయట కలిసి సిరా వేళ్ళు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. “ఏది నొక్కినావు?” అని నాయకుడి తల్లి అడిగితే, “నువ్వు నొక్కిందే అనుకో,” అంది అవ్వ. ఇద్దరూ అరుగు మీద నించి లేవలేనంతగా నవ్వారు.

మా మందను బీళ్ళలోకి రావద్దని ఎవరూ అనలేదు. మొదటి వారమంతా నాయన బీడు గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూసి మరీ గొర్రెలను దింపేవాడు. ఎనిమిదో రోజు చూడటం మానేశాడు.

ఆ తర్వాత ఏడాదికి నాకు ప్రొద్దుటూరులో టీచరు ట్రైనింగుకు సీటు వచ్చింది. శనివారం ఇంటికి వచ్చి సోమవారం పొద్దున బస్సుకు పోయేదాన్ని. అలాంటి ఒక సోమవారం, బస్సు మలుపులో హారన్ కొడుతుంటే నేను సంచి తగిలించుకుని పరుగెత్తబోతున్నాను. అవ్వకు అప్పటికి వారం రోజులుగా జ్వరం. మంచం మీదనించి నన్ను పిలిచి ఒక సంగతి అడిగింది. బస్సు పోతుందని చెప్పాను. వచ్చి చెప్తాలే అన్నాను. శనివారానికి ఆమె లేదు. వాకిట్లో నిలబడి నేను విన్న ఆమె చివరి మాటలు ఇవి:

“ఏమే, ఆ దక్షిణాఫ్రికా వాళ్ళు అంతసేపు ఎండలో నిలబడినారు గదా, వాళ్ళకు నీళ్ళు ఎవురిచ్చినారో రాసినారా పుస్తకంలో?”